ప్రెసిడెంటు గారి భర్త గారు

నేను ఆ ఊరికి పంచాయతీ సెక్రటరీగా వెళ్లిన మొదటి రోజు ప్రెసిడెంటు కుర్చీలో ఒక మగమనిషి కూర్చుని ఉన్నాడు. కుర్చీ వెనక తెల్ల టర్కీ తువ్వాలు, బల్ల మీద ఆయన ఫోను, ఫోను పక్కన ఆయన కళ్లజోడు, బల్ల కింద ఆయన చెప్పులు. చెప్పులు విప్పి కాళ్లు చాపుకున్న తీరు చూస్తే ఆ గది ఆయనకు సొంతిల్లేనని తెలిసిపోతోంది. ఆ పంచాయతీ మహిళలకు రిజర్వు అయిందని నేను కనుక్కునే వచ్చాను కాబట్టి, "ప్రెసిడెంటు గారు ఎప్పుడొస్తారండీ?" అని అడిగాను.

"చెప్పండమ్మా," అన్నాడాయన.

"ప్రెసిడెంటు గారికి నా జాయినింగ్ రిపోర్టు ఇవ్వాలండి."

"ఇవ్వండమ్మా. ఇక్కడే ఉన్నాగా."

గుమ్మంలో నిలబడిన అటెండరు నా అవస్థ చూసి దగ్గరకొచ్చాడు. యాభై దాటిన మనిషి, నెమ్మదస్తుడు. "ఈయనేనండి మేడం గారూ. అమ్మగారు ఇంటికాడ ఉంటారు," అన్నాడు. అమ్మగారెవరని అడిగితే, "ప్రెసిడెంటు గారి మిసెస్సండి," అన్నాడు.

ఊరంతా అదే మాట. మా వైపు సర్పంచ్ అనే మాట కాగితాల్లో రాసుకోవడానికే, నోటితో పిలిచేది ప్రెసిడెంటనే. ఆ ఊళ్లో జనం ఓట్లేసి గెలిపించుకున్న మనిషిని ప్రెసిడెంటు గారి భార్య అంటారు. ఆవిడ మెళ్లో తాళి కట్టినందుకు కుర్చీ ఎక్కినవాణ్ణి ప్రెసిడెంటు గారు అంటారు. వారం తిరిగేసరికి నేనూ అలాగే అనడం మొదలుపెట్టాను. నోటికి అలవాటు చేయడం అంత తేలిక.

ఆయనంటే నాకు మొదటి రోజు నుంచీ చులకనే. అప్పుడు దాన్ని దాచుకోవడం నా ఉద్యోగంలో భాగం. ఇప్పుడు బదిలీ అయి ఇబ్రహీంపట్నం వైపు ఇంకో పంచాయతీకి వచ్చేశాను, దాచుకోవలసిన పని లేదు.

మా కాపురం విజయవాడలో. పొద్దున్నే బస్సెక్కి ఉయ్యూరులో దిగి, అక్కడ షేర్ ఆటో పట్టుకుని ఊరికి వెళ్లేదాన్ని. చెరుకు సీజన్లో ట్రాక్టర్ల వెనక ఆటో నత్తలా నడిచేది, ఫ్యాక్టరీ మడ్డి వాసన చీర కొంగుకు పట్టి సాయంత్రం ఇంటిదాకా వచ్చేది. నేను ఎంత తొందరగా వెళ్లినా ఆయన నాకంటే ముందే కుర్చీలో ఉండేవాడు. అది మాత్రం ఒప్పుకోవాలి. జీతం లేని ఉద్యోగానికి అంత టైముకి వచ్చే మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

వచ్చి చేసేదేమిటంటే, ఉండటం. ట్యాంకు కడిగితే అక్కడ ఉండేవాడు. చెత్త ట్రాక్టరు వస్తే పచ్చజెండా ఊపేవాడు, అది పాత ట్రాక్టరే, రంగు వేయించి తెచ్చారు. బళ్లో పిల్లలకు పలకలు పంచితే మొదటి పలక ఆయన చేతిలోంచే వెళ్లాలి, ఫొటో సరిగా రాకపోతే పిల్ల దగ్గర పలక వెనక్కి తీసుకుని మళ్లీ ఇచ్చేవాడు. ఊరి మొదట్లో కట్టే ఫ్లెక్సీల్లో ఆయన చేతులు జోడించి నిలువెత్తున నిలబడేవాడు. అసలు ప్రెసిడెంటు ఒక మూల గుండ్రటి చట్రంలో తపాలా బిళ్లంత ఉండేది. అదీ పెళ్లినాటి ఫొటోలోంచి కత్తిరించింది, పక్కన ఆయన భుజం ముక్క ఇంకా కనిపిస్తూనే ఉండేది.

విజిటింగ్ కార్డు కూడా వేయించుకున్నాడు. పైన ఆయన పేరు, కింద లావుపాటి ఎర్ర అక్షరాల్లో ప్రెసిడెంటు అని, దాని కింద చీమ తలకాయంత అక్షరాల్లో గారి భర్త అని ఉండేది. నాకు ఇచ్చినప్పుడు ఆ చివరి ముక్క మీద బొటనవేలు పెట్టి ఇచ్చాడు. అబద్ధం చెప్పాడని ఎవరూ అనకూడదు, నిజం ఎవరూ చదవకూడదు. మనిషి మొత్తం ఆ కార్డులో ఉన్నాడు.

నేను ఆవిడను మొదటిసారి చూసింది ఆగస్టు పదిహేనున. నలభై అయిదేళ్లుంటాయి, పొలానికి వెళ్లే చేతులు, వాటికి సరిపడని పట్టుచీర. జెండా తాడు ఆవిడ చేతికిచ్చారు. ఆవిడ చేతికి పైన, అదే తాడు మీద, ఆయన చెయ్యి వేశాడు. ఇద్దరు లాగితే ముడి బిగిసింది. "నువ్వు వదులు, నువ్వు వదులు," అన్నాడు. ఆవిడ వదిలింది. పూలన్నీ ఆయన నెత్తిన పడ్డాయి. మర్నాడు పేపరు జిల్లా పేజీలో ఫొటో వచ్చింది, జెండా ఎగరేస్తున్న ప్రెసిడెంటు అని. అందులో ఆవిడ చీర అంచు కనిపిస్తోంది. ఆ ముక్క కత్తిరించి లామినేషన్ చేయించి ఆఫీసులో నా బల్లకు ఎదురుగా మేకు కొట్టి తగిలించాడు.

ఇలాంటి వాళ్లు ఆయనొక్కడే అయితే ఇంత చెప్పేదాన్ని కాదు. మండలం మీటింగుకి వెళ్తే జాతి మొత్తం కనిపించేది. ఆడ ప్రెసిడెంట్ల భర్తలు హాల్లో కూర్చోకూడదని పైనుంచి కాగితం వచ్చింది. ఎంపీడీవో గారు దాన్ని చదివి వినిపించారు. భర్తలందరూ ఎంతో మర్యాదగా లేచి బయటికి వెళ్లారు, వెళ్లి కిటికీల దగ్గర నిలబడ్డారు. తర్వాత్తర్వాత ఎవరి కిటికీ వాళ్లకు ఖాయమైపోయింది. ఒకరి కిటికీలో ఇంకొకరు నిలబడితే మాటామాటా పెరిగేది. లోపల ఓటింగు వచ్చినప్పుడు ఆడవాళ్లు ముందు కిటికీ వైపు చూసి, అక్కడ తల ఊగితే చెయ్యెత్తేవాళ్లు, అక్కడ చెవి గోక్కుంటే ఊరుకునేవాళ్లు. భర్త పోయిన ఒకావిడకు కూడా కిటికీ ఖాళీగా ఉండేది కాదు, మరిది వచ్చేవాడు. ఎండాకాలంలో ఒకసారి కిటికీలు మూసేయమన్నారు ఎంపీడీవో గారు. అరగంటకు ఉక్కపోసి ఆయనే తీయమన్నారు.

మా ప్రెసిడెంటు మాత్రం కిటికీకి వీపు పెట్టి కూర్చునేది. ఆయన చుట్టూ తిరిగి అవతలి కిటికీకి వెళ్తే, ఆవిడ తల వంచుకుని అజెండా కాగితాలు చదువుకునేది. ఒకసారి తిరుగు ప్రయాణంలో కారులో నేనూ ఉన్నాను. "నీకు చూపు ఆనట్లేదల్లే ఉంది. రేపు కళ్ల డాక్టరుకి చూపిద్దాం," అన్నాడాయన. వారంలో ఆవిడకు కొత్త కళ్లజోడు వచ్చింది.

ఇదంతా నేను ఇంటికి వచ్చి మా ఆయనకు నవ్వుతూ చెప్పేదాన్ని. ఆయన అన్నం కలుపుకుంటూ, "పనులైతే అవుతున్నాయిగా, ఇంక ఇబ్బందేముంది?" అన్నారు. ఆ మాటకు నాకు ఒళ్లు మండింది గానీ సమాధానం తోచలేదు.

సమాధానం తోచకపోవడానికి కారణం ఉంది. సంతకాలు.

తీర్మానాల పుస్తకం సాయంత్రం గుడ్డసంచిలో ప్రెసిడెంటు ఇంటికి వెళ్లేది, అటెండరు పట్టుకెళ్లేవాడు. పావుగంటలో సంతకంతో తిరిగొచ్చేది. ఆ సంతకం ముచ్చటగా ఉండేది. పేరు కుడివైపుకి వాలి, చివరి అక్షరం తోక వెనక్కి తిరిగి మొదటి అక్షరం కిందిదాకా సాగి, దాని కింద రెండు చుక్కలు. దాని పక్కన, సమావేశం ప్రెసిడెంటు అధ్యక్షతన జరిగిందని, ఆవిడ నా సమక్షంలో సంతకం చేశారని రాసి, నేను సంతకం పెట్టేదాన్ని. ఆవిడ ఇంట్లో ఉంటే నా సమక్షం ఎలా అవుతుందని మొదటి నెలలో ఒకసారి అనిపించింది. రెండో నెలలో అనిపించలేదు.

ఒకరోజు అటెండరు సెలవు పెట్టాడు, పుస్తకం నేనే తీసుకెళ్లాను. ఆయన భోజనాల బల్ల దగ్గర కూర్చుని, కళ్లజోడు ముక్కు చివరికి దించి, నాలుక కొస బయటపెట్టి, ఆవిడ పేరు రాస్తున్నాడు. ఆవిడ ఎదురు కుర్చీలో కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తోంది. గింజలు గిన్నెలో వేస్తూ ఆ కలం వైపే చూస్తోంది.

నన్ను చూసి ఆయనేమీ కంగారుపడలేదు. "రండమ్మా, కూర్చోండి. టెన్తు దాకా చదివింది గానీ చెయ్యి కుదురుండదండీ దీనికి. నాదైతే ఎప్పుడు పెట్టినా ఒక్కలాగే వస్తది," అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖంలో నిజమైన గర్వం ఉంది. చివర రెండు చుక్కలు పెట్టి, ఆరడానికి ఊది, పుస్తకం నా ముందుకు జరిపాడు. ఆవిడ లేచి నాకు కాఫీ తెచ్చింది. నేను ఆ కాఫీ తాగి, అదే బల్ల మీద, నా సమక్షంలో అని రాసి సంతకం పెట్టాను. అప్పటికి నా ప్రొబేషన్ ఇంకా ఖాయం కాలేదు. ప్రెసిడెంటుతో గొడవపడ్డ సెక్రటరీకి ఖాయం కాదని అందరూ చెప్పేవాళ్లు. ఆ మాట నిజమో కాదో నేను ఎన్నడూ పరీక్షించి చూడలేదు.

అలా మూడేళ్లు గడిచాయి. ఆ మూడేళ్లలో రాసిన తీర్మానాల్లో డొంక తీర్మానం ఒకటి.

ఊరి చివర పంట కాలవ దాటితే పేట ఉంది, పేటలో చర్చి ఉంది. మా అటెండరుది ఆ పేటే. చర్చి వెనక నుంచి వాళ్ల సమాధుల తోటకు బండి పట్టేంత మట్టిదారి ఒకటి పొలాల మధ్య వెళ్తుంది. దాన్నే డొంక అంటారు. డొంకకు రెండు వైపులా ప్రెసిడెంటు గారి భర్త గారి స్నేహితుడికి చేపల చెరువులున్నాయి. మధ్యలో డొంక లేకపోతే రెండూ కలిపి ఒకే చెరువు చేసుకోవచ్చు. సదరు డొంక ప్రజల వాడుకలో లేదు కనుక పంచాయతీకి అభ్యంతరం లేదు అని తీర్మానం రాయమన్నాడాయన. రాశాను. వాడుకలో ఉందో లేదో నేను వెళ్లి చూడలేదు. గుమ్మంలో నిలబడ్డ అటెండరును అడిగితే చెప్పేవాడు. అడగలేదు. గుడ్డసంచిలో ఆ పుస్తకాన్ని ప్రెసిడెంటు ఇంటికి మోసుకెళ్లింది కూడా అతనే.

వానల చివర్లో పేటలో ఒక ముసలావిడ పోయింది. అటెండరుకి పెద్దమ్మ. ప్రెసిడెంటు గారింటి పొలంలో ఏళ్ల తరబడి నాట్లు వేయించిన మనిషి, ఆ ఇంట్లో ఇద్దరు పిల్లల పురుళ్లకు నీళ్లు పోసిన మనిషి. ఆవిడ అంత్యక్రియలకు ప్రెసిడెంటు ఒక్కతే వచ్చింది, భర్తకు చెప్పి వచ్చిందో చెప్పకుండా వచ్చిందో తెలియదు. పాటలు పాడుకుంటూ అందరూ చర్చి వెనక్కి నడిచారు. అక్కడ ముళ్లకంచె ఉంది. కంచె అవతల డొంక లేదు, అప్పటికే సగం దూరం తవ్వేసి నీళ్లు వదిలారు.

జరిగింది నాకు మర్నాడు అటెండరు చెప్పాడు. వరిచేలో పడి చుట్టూ తిరిగి వెళ్లారట. మోకాలి లోతు బురదలో మోసేవాళ్ల కాళ్లు దిగబడి, పెట్టె ఒక పక్కకు ఒరిగిందట. పాట ఆగిపోయిందట. ప్రెసిడెంటు చెప్పులు చేతిలో పట్టుకుని ఆ బురదలోనే నడిచిందట.

"ఈ కంచె ఎవరు వేశారని అడిగారండి అమ్మగారు నన్ను," అన్నాడు అటెండరు.

"నువ్వేం చెప్పావు?"

"మీరేనండి అన్నాను. మీ సంతకం ఉందండి అన్నాను." అతను నా వైపు చూడకుండా గోడ మీది ఫొటో వైపు చూశాడు. "నిజమేగాండి మేడం గారూ?"

నేను సమాధానం చెప్పేలోపే ఆవిడ గుమ్మంలో కనిపించింది. ఆ రోజు ఆయన ఎవరిదో పెళ్లికని విజయవాడ వెళ్లాడు, కుర్చీ ఖాళీగా ఉంది. ఆవిడ తువ్వాలు కప్పిన ఆ కుర్చీ వైపు చూడలేదు. అర్జీలు పట్టుకొచ్చేవాళ్లు కూర్చునే బెంచీ మీద కూర్చుని, తీర్మానాల పుస్తకం అడిగింది. డొంక తీర్మానం తీసి రెండుసార్లు చదివింది. కింద సంతకం మీద వేలు పెట్టింది.

"ఇది నాది కాదు."

"తెలుసండి," అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో వచ్చేసింది.

ఆవిడ తలెత్తి చూసింది. "తెలుసా?" అంది. కోపంగా కూడా అనలేదు. పక్కనున్న నా సంతకం చూసింది, మళ్లీ నన్ను చూసింది. అప్పటిదాకా నేను ఆవిడ భర్తను చులకనగా చూస్తూ వచ్చాను. నన్ను కూడా అలా చూసే మనిషి ఒకరున్నారని ఆ క్షణం దాకా నాకు తట్టలేదు.

తెల్లకాగితం అడిగి తీసుకుని ఆవిడ అక్కడే రాసింది. ఆ డొంక పేటవాళ్ల వాడుకలో ఉంది, నిన్ననే అందరూ శవాన్ని మోసుకుంటూ వస్తే దారి లేకపోయింది, ఆ తీర్మానం నేను చేయలేదు, దాన్ని రద్దు చేయండి అని డివిజన్ అధికారికి. కింద తన సంతకం పెట్టింది. నిలువుగా, అక్షరానికి అక్షరం విడిగా, బళ్లో రాసినట్టు. తోక లేదు, చుక్కలు లేవు. నేను దానికి నంబరు వేసి ఆ సాయంత్రమే పైకి పంపించాను. ఆ పాటి పనికే నాకు నేను పెద్ద ధైర్యవంతురాలిగా కనిపించి, బస్సులో కిటికీ పక్కన కూర్చుని సంతోషంగా ఇంటికి వచ్చాను.

రెండు వారాలకు ఆ అధికారి విచారణకు వచ్చాడు. వస్తూనే ప్రెసిడెంటు గారి భర్త గారికి షేక్‌హ్యాండ్ ఇచ్చి, "ప్రెసిడెంటు గారూ, బావున్నారా?" అన్నాడు. ఆయన కొబ్బరిబొండాలు కొట్టించాడు. అధికారి స్ట్రాతో తాగుతూ, ఆవిడ ఉత్తరాన్నీ మా తీర్మానాల పుస్తకాన్నీ పక్కపక్కన పెట్టుకుని కాసేపు చూశాడు. పుస్తకం వెనక్కి తిరగేశాడు. మొదటి సంవత్సరం చూశాడు, రెండోది చూశాడు. అన్నిచోట్లా వాలు, తోక, రెండు చుక్కలు.

"ఈ ఉత్తరం ప్రెసిడెంటు రాసింది కాదు," అన్నాడు. "సంతకం కలవట్లేదు. ఎవరో ఆమె పేరుతో రాశారు."

తన చేత్తో పెట్టిన ఒకే ఒక్క సంతకం దొంగ సంతకమైంది. నాకు నవ్వు రావలసింది, రాలేదు.

"ఆవిణ్ణే పిలిపించండి సార్," అన్నాడు అటెండరు గుమ్మంలోంచి. మూడేళ్లలో అతను ఒక అధికారి ముందు నోరు విప్పడం అదే మొదలు.

ఆవిడ వచ్చింది. కాగితం ఇచ్చి సంతకం పెట్టమంటే పెట్టింది, నిలువుగా, అక్షరానికి అక్షరం. ఉత్తరంలో ఉన్నట్టే ఉంది. అధికారి ముఖం చిట్లించాడు.

"అమ్మా, ఇది మీ సంతకం కాదు."

"నా సంతకం నాది కాదంటారేంటండి?"

"రికార్డులో ఇలా లేదమ్మా."

"ఆడాళ్ల సంతకాలు సార్," అని కల్పించుకున్నాడు భర్త గారు నవ్వుతూ. "ఒకరోజు ఉన్నట్టు ఇంకోరోజు ఉండవు. పేటలో ఎవరో ఏడుస్తా ఏదో చెప్పుంటారు, జాలిపడి రాసిచ్చింది. సెక్రటరీ గారున్నారుగా, అడగండి. ప్రతి సంతకం ఆవిడ ఎదురుగానే అయ్యింది."

అధికారి పుస్తకం నా వైపు తిప్పాడు. "మీ సమక్షంలో అని రాసి ఉంది. ప్రెసిడెంటు గారు మీ ముందు పెట్టిన సంతకం ఇదేనా, కాదా?"

అవునంటే ఆవిడ ఉత్తరం చెత్తబుట్టలో పడుతుంది, డొంక పోతుంది. కాదంటే నా మూడేళ్ల సంతకాలు అబద్ధాలవుతాయి, నా ఉద్యోగం పోతుంది. అటెండరు చూస్తున్నాడు. ఆవిడ చూస్తోంది. భర్త గారు నాకు ధైర్యం చెబుతున్నట్టు తల ఊపాడు. మండలం హాలు కిటికీలో ఊపినట్టే.

"గుర్తు లేదండి," అన్నాను.

మూడేళ్లపాటు నెలనెలా పెట్టిన సంతకం గుర్తు లేదన్నాను. ఆయనను నేను ఎన్ని మాటలన్నానో, ఎంత నవ్వుకున్నానో, అదంతా ఆ రెండు ముక్కల దగ్గర తేలిపోయింది. ఆయన కనీసం సంతకం శ్రద్ధగా పెట్టేవాడు.

అధికారికి ఆ జవాబు బాగా నచ్చింది. మూడేళ్ల రికార్డు తిరగదోడాలని ఆయనకూ లేదు. స్ట్రా పక్కన పెట్టి, "చూడమ్మా," అన్నాడు. "నాకు మనుషులతో పనిలేదు, రికార్డుతో పని. రికార్డులో ఉన్న సంతకంతో, డొంక వాడుకలో ఉందని ప్రెసిడెంటు గారు రాసిస్తే, రేపే కంచె తీయించి, తవ్విన చోట పూడ్పిస్తాను. ఈ ఉత్తరం మీద మాత్రం ఏమీ చేయలేను. ఇంకా గట్టిగా అడిగితే ఫోర్జరీ కేసు పెట్టాల్సొస్తుంది."

భర్త గారు కుర్చీలో వెనక్కి వాలాడు. రికార్డులో ఉన్న సంతకం పెట్టగలిగేది ఊరు మొత్తంలో ఆయనొక్కడే. తువ్వాలు అంచుతో మెడ తుడుచుకుని, ఇంక భోజనానికి లేద్దామన్నట్టు అధికారి వైపు చూశాడు.

"రికార్డులో ఉన్నట్టు పెడితే చాలాండి?" అంది ఆవిడ.

"చాలమ్మా."

ఆవిడ ఇంకో కాగితం తీసుకుని, అదే విషయం మళ్లీ రాసింది. ఉత్తరంలో రాసిన దానికంటే ఒక్క ముక్క తగ్గించింది, ఆ తీర్మానం నేను చేయలేదు అన్న ముక్క. రాసి, పుస్తకం వైపు చూడకుండా, కలం కాస్త ఏటవాలుగా పట్టుకుని తన పేరు రాసింది. అక్షరాలు కుడివైపుకి వాలాయి. చివరి అక్షరం తోక వెనక్కి తిరిగి, మొదటి అక్షరం కిందిదాకా ఆగకుండా వెళ్లింది. అంత గీతను ఆయన కూడా మధ్యలో ఒకసారి కలం ఎత్తకుండా లాగలేడు, నేను చూశాను. ఆవిడ కలం ఎత్తలేదు.

అప్పుడు తలెత్తి, భర్తను చూసి, "చుక్కలు రెండేగాండీ?" అని అడిగింది.

ఆయన నోరు తెరిచాడు. "అది... సార్, అది..." అన్నాడు.

"ఏది?" అన్నాడు అధికారి.

అది దొంగ సంతకమనాలంటే అసలుది ఎవరిదో చెప్పాలి. ఆయన కొబ్బరిబొండం చేతిలోకి తీసుకున్నాడు, అందులో నీళ్లు అయిపోయి చాలాసేపైంది. ఆవిడ రెండు చుక్కలు పెట్టింది. ఆరడానికి ఊదింది, ఆయన ఊదినట్టే.

అధికారి కాగితాన్ని పుస్తకం పక్కన పెట్టి చూసి, "సరిపోయింది," అన్నాడు. ఆయనకు ఏమీ అర్థం కాలేదనుకోను. అర్థం కానట్టు ఉండటం ఆయన ఉద్యోగం, నా ఉద్యోగం లాగే. "కంచె రేపు తీయించండి," అని అటెండరుతో చెప్పాడు. అటెండరు "అట్టాగేనండి" అని గోడకు తిరిగి భుజం మీది కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

ఆవిడ మాత్రం కాగితం అధికారికి ఇవ్వలేదు. దాన్ని తిప్పి నా ముందు పెట్టి, కలం దాని మీద ఉంచింది.

"మీరూ పెట్టండి మేడం. నేను మీ ఎదురుగానే పెట్టానని రాసి పెట్టండి," అంది. "ఈసారి నిజమేగా."

రాశాను. నా సంతకం వంకరగా వచ్చింది, నాదంటే నేనే నమ్మలేనట్టుగా. దాన్ని మాత్రం పాత వాటితో ఎవరూ పోల్చి చూడలేదు.